అమెరికాలో స్టేట్ సుప్రీం కోర్టు జడ్జి అవడం ఒక ఎత్తు, ఆ కుర్చీలో నిలవడం ఇంకో ఎత్తు

అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి కాలిఫోర్నియాలో లా చదువుతోంది. ఎప్పటికైనా స్టేట్ సుప్రీం కోర్టు జడ్జి అవ్వాలంటోంది. అది మన హైకోర్టు జడ్జి పదవి లాంటిదేనా? అక్కడిదాకా ఎలా వెళ్తారు? వెళ్ళాక జీవితం ఎలా ఉంటుంది?"

హోదా చూస్తే మన హైకోర్టు జడ్జికి దగ్గరగానే ఉంటుందండి. అధికారంలో, భద్రతలో మాత్రం చాలా తేడా ఉంది. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో హైకోర్టులో ఓడిపోతే మనం ఢిల్లీ వెళ్ళి ఇంకో ప్రయత్నం చేస్తాం. ఇక్కడ రాష్ట్ర చట్టం మీద రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పిందే ఆఖరి మాట. అందులో ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) రాజ్యాంగమో ఫెడరల్ చట్టమో ముడిపడి ఉంటే తప్ప వాషింగ్టన్‌లోని సుప్రీం కోర్టు కూడా జోక్యం చేసుకోదు. భద్రత సంగతి దీనికి తలకిందులు. మన హైకోర్టు జడ్జి ఒకసారి పర్మనెంట్ అయ్యాక 62 ఏళ్ళు వచ్చేదాకా ఎవరి ఓటూ అడగనక్కర్లేదు. తీసేయాలంటే పార్లమెంటు ఉభయ సభలూ తీర్మానం చేయాలి. ఇక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో జడ్జి కూడా జనం ముందుకు వెళ్ళాల్సిందే.

నేను హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ప్రాక్టీస్ చేసి ఇక్కడికి వచ్చాను. బార్ పరీక్ష పాసైన దగ్గర్నుంచి ఎక్కువగా అప్పీళ్ళే చూస్తున్నాను. మీ అమ్మాయి ఉన్నది కాలిఫోర్నియాలో కాబట్టి ఆ సంగతే చెప్తాను. యాభై రాష్ట్రాల్లో పద్ధతులు ఎవరివి వాళ్ళవే. పేర్లు కూడా కలవవు. న్యూయార్క్‌లో 'సుప్రీం కోర్ట్' అని బోర్డు కనబడేది ట్రయల్ కోర్టుకి, అక్కడ అన్నిటికన్నా పైన ఉన్నది 'కోర్ట్ ఆఫ్ అప్పీల్స్'. టెక్సస్‌లో సివిల్‌కి ఒకటి, క్రిమినల్‌కి ఒకటి చొప్పున రెండు అత్యున్నత కోర్టులున్నాయి. మసాచుసెట్స్‌లో ఒకసారి నియమిస్తే 70 ఏళ్ళదాకా కదిలించరు. వర్జీనియాలో శాసనసభ ఎన్నుకుంటుంది. రోడ్ ఐలండ్‌లో అయితే జీవితాంతం.

కాలిఫోర్నియాలో చీఫ్ జస్టిస్‌తో కలిపి ఏడుగురు. గవర్నర్ ఒక పేరు ప్రతిపాదిస్తారు. ముగ్గురు సభ్యుల కమిషన్ దాన్ని ఆమోదించాలి: చీఫ్ జస్టిస్, రాష్ట్ర అటార్నీ జనరల్, కోర్ట్ ఆఫ్ అప్పీల్‌లోని (ఇక్కడ అది సుప్రీం కోర్టుకి ఒక మెట్టు కింద) సీనియర్ ప్రిసైడింగ్ జస్టిస్. అక్కడితో అయిపోదు. ఆ తర్వాత వచ్చే గవర్నర్ ఎన్నికల్లో ఆ జడ్జి పేరు కూడా బ్యాలెట్ మీదికి వస్తుంది. ప్రత్యర్థి ఎవరూ ఉండరు. ఈ జడ్జిని కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న, పక్కన అవును, కాదు అని రెండు గడులు. పూర్తి టర్మ్ 12 ఏళ్ళు, అది అయ్యాక మళ్ళీ అదే పరీక్ష. 1934 నుంచి ఇదే పద్ధతి. నవంబర్ వచ్చిందంటే మా వాళ్ళు బ్యాలెట్ ఫోటో తీసి నాకు పంపుతారు, "ఈ జడ్జిల పేర్ల దగ్గర ఏం పెట్టాలి అన్నా?" అని. చాలామంది ఆ గడులు ఖాళీగా వదిలేస్తారు, లేదా వరసపెట్టి అవును అని నింపేస్తారు. మామూలు రోజుల్లో జడ్జిలు గట్టెక్కేది ఇలాగే.

మామూలుగా లేని రోజు ఒకటి వచ్చింది. 1986 నవంబర్ 4. మీ అమ్మాయి నిజంగా ఈ దారిలో వెళ్ళాలనుకుంటే ముందు కాలిఫోర్నియా చీఫ్ జస్టిస్‌గా చేసిన రోజ్ బర్డ్ గురించి చదవమనండి. ఈ పదవిలో ఉన్న గొప్పదనం, గండం రెండూ ఆ ఒక్క జీవితంలోనే కనబడతాయి.

రోజ్ ఎలిజబెత్ బర్డ్ 1936లో అరిజోనాలో టూసాన్ దగ్గర పుట్టింది. తండ్రి అండ చిన్నప్పుడే పోయింది. తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ వైపు వెళ్ళి ఫ్యాక్టరీలో పనిచేసి పెంచింది. రోజ్ స్కాలర్‌షిప్ మీద కాలేజీ చదివి, 1965లో బర్క్‌లీలో లా పూర్తి చేసింది. నెవాడా సుప్రీం కోర్టు చీఫ్ జస్టిస్ దగ్గర ఏడాది క్లర్క్‌గా చేసింది. క్లర్క్ అంటే మన కోర్టు గుమాస్తా అనుకునేరు. ఇక్కడ లా క్లర్క్ అంటే జడ్జి పక్కన కూర్చుని రికార్డు చదివి, చట్టం వెతికి, తీర్పు ముసాయిదాలు రాసిపెట్టే కుర్ర లాయరు. ఆ తర్వాత శాంటా క్లారా కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో మొదటి మహిళా లాయరుగా చేరి, లాయరుని పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున 1974 దాకా వాదించింది.

1974లో జెర్రీ బ్రౌన్ గవర్నర్ ఎన్నికల్లో ఆమె వాలంటీరు. గెలిచాక ఆయన ఆమెను వ్యవసాయం, సేవల శాఖకు కార్యదర్శిగా వేశాడు. ఇక్కడ అది మన మంత్రి పదవితో సమానం. కాలిఫోర్నియా క్యాబినెట్‌లో అంతకుముందు మహిళ లేదు. ఆ శాఖ పనిలో ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి వేరు అక్కడే ఉంది. సలీనాస్ లోయలో లెట్యూస్ తోటల్లో మెక్సికన్ కూలీల చేతికి పిడి అడుగో అడుగున్నరో ఉండే కలుపు పార ఇచ్చేవాళ్ళు. 'ఎల్ కోర్టిటో' అని పిలిచేవాళ్ళు దాన్ని, పొట్టిది అని. దాంతో పని చేయాలంటే రోజంతా నడుం రెండుగా వంచే ఉండాలి. పిడి పొడుగుంటే మొక్కలు దెబ్బతింటాయని రైతుల వాదన. అసలు సుఖం మేస్త్రీకి: ఎవడైనా నడుం ఎత్తి నిలబడ్డాడంటే పని ఆపాడని గట్టు మీద నుంచే తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి అలా వంగినవాళ్ళ వెన్నుపూసలు అరిగిపోయేవి. 1975లో రాష్ట్ర సుప్రీం కోర్టు కూలీల పక్షాన ఒక తీర్పు ఇచ్చింది, బర్డ్ ఆ పదవిలో ఉండగానే అదే ఏడాది ఆ పొట్టి పారపై నిషేధం వచ్చింది. వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన 1975 చట్టం తయారీలో కూడా ఆమె చెయ్యి ఉంది. పెద్ద రైతు కంపెనీలు ఆ రెండు సంగతులూ మర్చిపోలేదు.

1977లో బ్రౌన్ ఆమెను ఏకంగా చీఫ్ జస్టిస్‌గా ప్రతిపాదించాడు. వయసు 40. ఒక్కరోజు కూడా ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోలేదు. కమిషన్‌లో 2-1 తో బయటపడింది, నిర్ణయించిన ఓటు రిపబ్లికన్ అటార్నీ జనరల్ ఎవెల్ యంగర్‌ది. ఆ కోర్టులో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమే, అదీ నేరుగా చీఫ్ కుర్చీలోకి. అప్పటికే ఏళ్ళుగా అక్కడున్న సీనియర్లకు అది మింగుడుపడలేదంటే ఆశ్చర్యం లేదు.

జడ్జి అనుభవం లేకపోవడం పెద్ద విడ్డూరం ఏమీ కాదు, ఇది మీ అమ్మాయికి పనికొచ్చే మాట. రాజ్యాంగం అడిగేది బార్‌లో పదేళ్ళ అనుభవం మాత్రమే. మన దగ్గర కూడా బార్ నుంచి నేరుగా హైకోర్టుకి వెళ్తారు కదా. కాలిఫోర్నియా కోర్టుకి దేశమంతా పేరు తెచ్చిన రోజర్ ట్రెయినర్ 1940లో నియమితుడయ్యేనాటికి బర్క్‌లీలో లా ప్రొఫెసర్. వేర్వేరు జాతుల వాళ్ళ పెళ్ళిళ్ళను నిషేధించిన రాష్ట్ర చట్టాన్ని 1948లో 4-3 తో కొట్టేసిన తీర్పులో ప్రధాన అభిప్రాయం రాసింది ఆయనే. అమెరికా సుప్రీం కోర్టు ఆ మాట చెప్పడానికి ఇంకో 19 ఏళ్ళు పట్టింది. తయారీలో లోపమున్న వస్తువు వల్ల దెబ్బ తగిలితే, నిర్లక్ష్యం రుజువు చేయకపోయినా కంపెనీదే బాధ్యత అన్న సూత్రాన్ని 1963లో స్థిరపరిచింది కూడా ఆయనే. ఇప్పటి కోర్టులో ఉన్న గుడ్విన్ ల్యూ కూడా 2011లో ప్రొఫెసర్‌గా ఉండి నేరుగా వచ్చినవాడు.

మామూలు దారి మాత్రం సుపీరియర్ కోర్టు, తర్వాత కోర్ట్ ఆఫ్ అప్పీల్, తర్వాత ఇది. విజయవాడలో పుట్టి ఉస్మానియాలో చదివిన జయ బాడిగ గారు 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయ్యారు. తెలుగులో కూడా పలకరించారని మన వాట్సాప్ గ్రూపులన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి గుర్తుందా? అది ట్రయల్ కోర్టు. మన జిల్లా కోర్టుతో పోల్చుకోవచ్చు. అక్కడ్నుంచి పైకి ఇంకా రెండు మెట్లున్నాయి.

రోజువారీ పని ఎలా ఉంటుందని అడిగారు. బయటికి కనబడే వాదనలు చాలా తక్కువ. ఏటా వేలల్లో పిటిషన్లు వస్తాయి, కోర్టు విచారణకు తీసుకునేది చాలా కొన్నే. వారానికోసారి, సాధారణంగా బుధవారం, ఏడుగురూ కూర్చుని ఏవి తీసుకోవాలో తేలుస్తారు. నలుగురు సరే అనాలి. మన లాయర్లు వింటే నోరెళ్ళబెట్టే సంగతి ఇంకోటి ఉంది: వాదనలు ముగిసి కేసు తీర్పుకి సమర్పించాక 90 రోజులు దాటినా తేల్చకపోతే ఆ జడ్జికి జీతం ఆగుతుంది. రాజ్యాంగంలోనే రాసుంది. 'జడ్జిమెంట్ రిజర్వ్‌డ్' అని నెలల తరబడి ఎదురుచూసిన ప్రాణం కాబట్టి, మొదటిసారి ఆ ఆర్టికల్ చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. తర్వాత తెలిసింది దాని ప్రభావం. 90 రోజుల గడియారం భయానికి, వాదనలకు ముందే ఒక జడ్జి దాదాపు తీర్పులాంటి మెమో రాసి మిగతా ఆరుగురికి పంపేస్తారు, వాళ్ళు తమ అభిప్రాయం తెలిపాకే కేసు వాదనలకు వస్తుంది. అంటే మీరు లేచి నిలబడేసరికే చాలావరకు లెక్క తేలిపోయి ఉంటుంది. కాగితం మీద బాగా రాయగలిగిన లాయరుకి ఇది స్వర్గం, నోటితో నెట్టుకొచ్చేవాడికి కాదు.

ఇంకో బరువు మరణశిక్ష కేసులు. ట్రయల్ కోర్టు మరణశిక్ష వేస్తే అప్పీల్ మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఈ కోర్టుకే వస్తుంది, తీసుకోవడం మానడం అన్న ప్రశ్నే లేదు. రికార్డు వేల పేజీలు. బర్డ్ కథలో పిడుగు పడింది ఇక్కడే.

ఆమె హయాంలో కోర్టు ముందుకు 64 మరణశిక్ష కేసులు వచ్చాయి. అరవై నాలుగింట్లోనూ ఆమె శిక్షను సమర్థించలేదు. వాటిలో 61 కేసుల్లో కనీసం ఇంకో ముగ్గురు ఆమెతో కలిశారు, అంటే కోర్టు తీర్పే అది. టీవీ ప్రకటనల్లో ఈ రెండో సంగతి రాదు కదా. కాలిఫోర్నియాలో మరణశిక్షను కొట్టేసింది రోజ్ బర్డ్ అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి 1972లో కొట్టేసింది ఆమెకు ముందున్న కోర్టు, అప్పటి చీఫ్ జస్టిస్ డొనాల్డ్ రైట్‌ను నియమించింది రిపబ్లికన్ గవర్నర్‌గా ఉన్న రొనాల్డ్ రేగన్. అదే ఏడాది జనం ఓటేసి రాజ్యాంగం మార్చారు, తర్వాత 1977లో కొత్త చట్టం, 1978లో ఓటర్లే నేరుగా తెచ్చిన ఇంకా కఠినమైన చట్టం. కొత్త చట్టాలు హడావిడిగా రాసినవి, పదాలు గజిబిజి. ఉదాహరణకి దొంగతనంలాంటి నేరం చేస్తూ చంపినప్పుడు, మరణశిక్ష వేయాలంటే చంపాలన్న ఉద్దేశం కూడా రుజువు చేయాలా అన్నది తేలలేదు. 1983లో కోర్టు రుజువు చేయాలంది. దాంతో ఆ మాట జ్యూరీకి చెప్పని పాత కేసులు వరసగా తిరగబడ్డాయి. బర్డ్ వెళ్ళిపోయాక 1987లో కొత్త కోర్టు ఆ సూత్రాన్ని రద్దు చేసింది.

నా అభిప్రాయం అడిగితే, ఆ 61 కేసుల్లో చాలావాటికి చట్టపరమైన ఆధారం గట్టిదే. కానీ 64కి 64 అనేది చూసినవాళ్ళకు ఆవిడ ముందే నిర్ణయించుకుంది అనిపించడంలో తప్పు పట్టలేం. ఒకటి రెండు కేసుల్లోనైనా ఆధారాలన్నీ సక్రమంగా ఉండే అవకాశం లేదా అని మామూలు ఓటరు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

జవాబు చెప్పే వీలు కూడా ఆమెకు లేదు, ఇది ముఖ్యం. పెండింగ్‌లో ఉన్న కేసు గురించి జడ్జి బహిరంగంగా మాట్లాడకూడదు. ఎదుటివాళ్ళు హతుల కుటుంబాల కన్నీళ్ళు టీవీలో చూపిస్తుంటే ఆమె రాజ్యాంగం, న్యాయ స్వాతంత్ర్యం అని నెమ్మదిగా చెప్పే ప్రకటనలు ఇచ్చింది. అసలే బెరుకు మనిషి. పత్రికల వాళ్ళకు దూరం. చీఫ్ జస్టిస్ లిమోజిన్ కారు అమ్మించేసి విమానంలో మామూలు టికెట్ మీద తిరిగిన నిరాడంబరురాలే, అయినా గర్విష్టి అన్న పేరు ఊడలేదు. ప్రచార నిపుణులను కూడా దగ్గర ఉంచుకోలేదు. పోరాటంలో రెండు పక్షాలూ కలిపి కోటి డాలర్లకు పైనే ఖర్చయింది. మరణశిక్ష పేరుతో నడిచిన ప్రచారానికి డబ్బు ఇచ్చినవాళ్ళలో పెద్ద రైతులు, వ్యాపారులు ఉన్నారు. వాళ్ళ బాధ మరణశిక్ష కాదని వేరే చెప్పాలా?

అంతకుముందు 1978లోనే ఆమె 51.7 శాతంతో అంచు మీద బయటపడింది. ఆ ఎన్నిక రోజు ఉదయమే లాస్ ఏంజిల్స్ టైమ్స్‌లో, జనానికి నచ్చని ఒక తీర్పును ఎన్నిక అయ్యేదాకా కోర్టు ఆపి ఉంచిందని వార్త వచ్చింది. విచారణ జరపమని ఆమే అడిగింది. 1979లో సాటి జడ్జిలు ఒకరి మీద ఒకరు బహిరంగంగా సాక్ష్యం చెప్పుకున్నారు. చివరికి ఎవరి మీదా అభియోగం పెట్టలేదు. కోర్టు పరువు మాత్రం బజారుకెక్కింది. ఇదంతా రొమ్ము క్యాన్సర్‌తో పోరాడుతూ. 1976లోనే సర్జరీ అయింది, తర్వాత మళ్ళీ తిరగబెట్టింది.

1986లో ఆమెకు వ్యతిరేకంగా దాదాపు 67 శాతం ఓట్లు పడ్డాయి. ఆమెతో పాటు జోసెఫ్ గ్రోడిన్, ఆ కోర్టులో మొదటి లాటినో అయిన క్రూజ్ రెనోసో కూడా ఓడిపోయారు. మళ్ళీ గెలిచిన గవర్నర్ జార్జ్ డ్యూక్‌మేజియన్ చేతికి ఒకేసారి మూడు ఖాళీలు దొరికాయి. మాల్కమ్ లూకస్ చీఫ్ జస్టిస్ అయ్యాడు, మరణశిక్షలు ఎక్కువ భాగం ఖరారవడం మొదలైంది. నాకు గుచ్చుకునేది రెనోసో, గ్రోడిన్‌ల సంగతే. వాళ్ళిద్దరూ మరణశిక్షను సమర్థించిన సందర్భాలున్నాయి. ఆమె పక్కన కూర్చున్నందుకు కొట్టుకుపోయారు.

పదవి పోయాక పెద్ద లా ఫర్మ్‌లేవీ ఆమెను ఎర్ర తివాచీ పరిచి పిలవలేదు. కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది, టీవీలో వ్యాఖ్యానం చేసింది. తర్వాత ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే చోట వాలంటీరుగా వెళ్ళి జెరాక్స్ కాపీలు తీసిపెట్టేదట. 1999 డిసెంబర్‌లో క్యాన్సర్‌తోనే పోయింది, 63 ఏళ్ళకి.

ఓడిపోవడం కన్నా ఎక్కువ హాని ఇంకోచోట జరుగుతుంది. ఆ కోర్టులోనే ఉన్న ఆటో కాస్ అనే జడ్జి 1982లో తన పేరు బ్యాలెట్ మీద ఉండగానే, ఓటర్లు ఆమోదించిన నేర చట్టం మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. చట్టం చెల్లుతుందన్న పక్షాన ఓటేశాడు. ఆ ఓటు తన మనస్సాక్షి వేసిందో, ముందున్న ఎన్నిక వేయించిందో తనకే ఎప్పటికీ తెలియదని తర్వాత ఒప్పుకున్నాడు. జనం ఏమంటారోనన్న ఆలోచన పక్కన పెట్టి తీర్పు రాయడమంటే బాత్‌టబ్‌లో మొసలి ఉండగా దాన్ని పట్టించుకోకుండా ఉండటం లాంటిదన్నాడు. ఇక్కడి లాయర్లందరికీ కంఠతా వచ్చిన మాట అది.

1986 తర్వాత ఇప్పటివరకు కాలిఫోర్నియాలో ఏ సుప్రీం కోర్టు జడ్జీ ఓడిపోలేదు. 1998లో అబార్షన్ తీర్పు మీద రొనాల్డ్ జార్జ్, మింగ్ చిన్‌లను దించాలని చూశారు, కుదరలేదు. వేరేచోట్ల పరిస్థితి అలా లేదు. అయోవాలో స్వలింగ వివాహాల తీర్పు తర్వాత 2010లో ముగ్గురు జడ్జిలను ఇంటికి పంపారు. పేరుకి పార్టీలు లేకపోయినా పార్టీల మధ్య పోటాపోటీగా జరిగే విస్కాన్సిన్‌లో 2025లో ఒక్క సీటుకి దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, ఎలాన్ మస్క్ స్వయంగా వచ్చి సభ పెట్టాడు. వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ అధిపతి 30 లక్షల డాలర్లు పోసి ఒకరిని గెలిపించాడు. అదే జడ్జి ఆ కంపెనీ మీద పడిన 5 కోట్ల డాలర్ల తీర్పును కొట్టేసిన బెంచిలో కూర్చున్నాడు. 2009లో అమెరికా సుప్రీం కోర్టు, అతను తప్పుకుని ఉండాల్సిందని 5-4 తో చెప్పింది. మన దగ్గర జడ్జిలే జడ్జిలను ఎంపిక చేసే కొలీజియం మీద నాకు బోలెడు ఫిర్యాదులున్నాయి. ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు ఆపారో మనకు తెలియదు. కానీ ఇవి చూశాక, ఓట్లు పెడితే బాగుపడుతుందని మన వాళ్ళు అంటుంటే మాత్రం కొంచెం ఆగి ఆలోచించమంటాను.

ఇక ఇంటి జీవితం. డబ్బుకి ఇబ్బంది లేదు, కానీ పెద్ద ఫర్మ్‌లో పార్ట్‌నర్‌గా ఉన్న క్లాస్‌మేట్ సంపాదనతో పోల్చుకోకూడదు. ఆస్తులు, బహుమతుల వివరాలు బహిరంగంగా దాఖలు చేయాలి. పాత స్నేహితులు లాయర్లయితే కాస్త దూరం తప్పదు. మన సంఘాల సభలకు రావచ్చు, దండ వేయించుకోవచ్చు, కానీ మైకు పట్టుకుని "గుడికి విరాళాలివ్వండి" అని పిలుపు ఇవ్వకూడదు, నియమావళి ఒప్పుకోదు. మన వాళ్ళకు ఇది అర్థం చేయించడమే జడ్జికి పెద్ద టెన్షన్.

మీ అమ్మాయికి చెప్పవలసిన పని ఒకటే. ఇప్పుడే క్లర్క్‌షిప్‌కి అప్లై చేయమనండి, కోర్ట్ ఆఫ్ అప్పీల్ దగ్గరైనా సరే. తీర్పు లోపలి నుంచి ఎలా తయారవుతుందో చూడటానికి వేరే దారి లేదు. ఆ తర్వాత పబ్లిక్ డిఫెండరో, ప్రాసిక్యూటరో, అప్పీళ్ళ ప్రాక్టీసో, ఏదైనా పర్లేదు. గవర్నర్ ఆఫీసు ఏదో ఒక రోజు ఆమె పేరు పరిశీలిస్తే, దాన్ని స్టేట్ బార్‌లోని ఒక కమిషన్‌కి పంపుతుంది. వాళ్ళు ఆమెను ఎరిగిన లాయర్లకు, జడ్జిలకు రహస్యంగా ప్రశ్నాపత్రాలు పంపి, అర్హురాలా కాదా, ఎంతవరకు అర్హురాలు అని రేటింగ్ ఇస్తారు. ఆ ప్రశ్నాపత్రాలు వెళ్ళేవాళ్ళలో ఆమె చేతిలో ఓడిపోయిన లాయర్లు కూడా ఉంటారు. కాబట్టి అవతలి పక్షం వాయిదా అడిగినప్పుడు ఎలా మాట్లాడుతుందో, వాళ్ళ ఈమెయిల్‌కి ఎలా జవాబిస్తుందో మొదటి కేసు నుంచే చూసుకోమనండి.